నలభై ఒకటో వరుస

సేటు పొద్దుగాల ఒకటే మాటన్నడు:
"అందరి నంబర్లు అందరి కాడ ఉండాలె.
అర్ధరాత్రి డ్రయ్యర్ ఆగితే నాకు ఫోన్ చేస్తరేంది,
నేనేమన్న మెకానిక్‌నా?"

అప్పటిదాక మా మిల్లు నంబర్లన్నీ
కాంటా రూము గోడ మీదనే ఉండె,
బొగ్గుతోని, సుద్దతోని, ఒకటైతే మేకుతోని గీకి.
సున్నమేసేటోడు గూడ
వాటి చుట్టూ తిరిగి ఏసిపొయ్యేటోడు.

కీబోర్డు మీద ఊక దుమ్ము ఊది
మూడు గడులు గీసిన: పేరు, పని, నంబరు.

సైదులు కాడనే ఆగిపోయిన.
మిర్యాలగూడల సైదులు లేని మిల్లుంటదా,
మాకు ఐదుగురు.
బాయిలర్ సైదులు, లారీ సైదులు, కాంటా సైదులు,
కొత్త సైదులు (వచ్చి తొమ్మిదేండ్లాయె).
పొట్టి సైదులును ఏమని రాయాలె?
"పొట్టి అనే రాయి బిడ్డా,
లేకుంటే నాకే సమజ్ గాదు."

బీహార్ హమాలీలు ఏడుగురికి రెండే ఫోన్లు.
సేటు నంబరు ఎవరెవరి ఫోన్ల ఏ పేరుతోని ఉండెనో
అది నేను చెప్పను.

రెండేసి పేర్లుంటే గందరగోళమని
అన్నం గంటల ఫోన్లన్ని అడిగి తీసుకొని
పాతవి నా చేతులతోనే తుడిచిన.
అరవై మూడు వరుసలు. సేటు చాయ్ చెప్పిండు.

చీకటి పడ్డంక వాచ్‌మెన్ లచ్చిరాం వచ్చిండు,
చెప్పులు గడప అవతల ఇడిచి,
ఫోను రెండు చేతుల పట్టుకొని.
"మేడమ్, నా ఫోన్ల ఇల్లు కనబడ్తలేదు."

ఆయనకు చదువు రాదు.
తండా పిల్లగాడెవడో పెట్టిచ్చిండట ఒక ఇల్లు బొమ్మ,
ఎర్ర కప్పు, పక్కన చెట్టు.
దాన్ని నొక్కితే ద్వాలి ఎత్తుతది.
పగటీలి మా యార్డుల వడ్లు నేర్పే ద్వాలి,
ఆయన డ్యూటీ ఎక్కే యాళ్లకు దిగిపొయ్యే ద్వాలి.
గేటు కాడ రోజూ ఒక్క నిమిషం,
డబ్బా ఆమె చేతిల నుంచి ఆయన చేతిలకు.
మిగతా కాపురమంత ఆ బొమ్మలనే.

నా లిస్టుల ఆమె నలభై ఒకటో వరుస:
బాణోతు ద్వాలి, యార్డు కూలి.
ఒక్క అక్షరం తప్పు లేదు.

పేరు ముంగట ఇల్లు బొమ్మ పెట్టిన.
నొక్కిండు, చెవికి ఆనిచ్చుకున్నడు,
వాళ్ల భాషల ఏదో అనుకుంట గేటు దిక్కు పోయిండు.

అందరిదీ ఒకటే లిస్టని అప్పుడు యాదికి రాలే.
తెల్లారేసరికి జేబు జేబుల ఆమె ముంగట ఇల్లు.
"మరి నాకేం బొమ్మ లేదా" అని పొట్టి సైదులు.

ఆ రాత్రే డ్రయ్యర్ ఆగింది.
సేటుకే ఫోన్ చేసిన్రు.

ఇంకో సంగతి ద్వాలి చెప్పింది, వడ్లు నేర్పుకుంటనే.
రాత్రి రెండింటికి బీహార్ పిల్లగాడొకడు
ఆ బొమ్మ నొక్కిండట. ఎవరంటే పలకడు.
ఈమెకు వాని భాష రాదు, వానికి ఈమెది రాదు.
"తిన్నవా" అని అడిగిన, అన్నది.

బొమ్మ తీసెయ్యమని సేటు రెండుసార్లు చెప్పిండు.
ఇంక తియ్యలే.