అరువు ఎరుపు

కబేళాలో పని తెల్లారకముందే మొదలవుతుంది.
హమజోడా తోలు ఒలిచి, నేలమీద పరిచి,
"ఎనిమిదింటి దాకే నీది,
తర్వాత సంతది" అంటాడు.
మా ఎన్‌గౌండెరేలో ఆవుతోలు కూరవుతుంది.
వెంట్రుకలు కాల్చకముందే
నా పురుగులు నేను ఏరుకోవాలి.

పొదుగు పక్కన, పొట్ట కింద
కందిగింజంత బొడిపెలు.
ఒక్కోదానిలో ఒక తల్లి,
జానెడు దారం,
తనను తానే ముడేసుకుని పడుకుంటుంది.
కత్తి జారితే తెగుతుంది.
తెగిన తల్లి దేనికీ సాక్ష్యం చెప్పదు.

ఆవులో ఉన్నది చెల్లెలు. మనిషిలో ఉన్నది అక్క.
వినా ఏటి ఒడ్డున జొన్న కోస్తున్నప్పుడు
నల్ల ఈగ ఆ అక్కను
మా చిన్నాన్న యాద్జి ఒంట్లోకి దించింది.
ముప్పై నాలుగేళ్ళకు ఆయన చూపు పోయింది.
ఏటా మనిషి పక్కన కర్ర నిలబెట్టి
ఎత్తును బట్టి మాత్రలిస్తారు.
మాత్ర పిల్లల్ని చంపుతుంది.
తల్లి మళ్ళీ కంటుంది.
పదేళ్ళు, పన్నెండేళ్ళు. ఏం తొందర దానికి?

ఒకరోజు ఇంట్లో ఎవరూ లేక
ఆయన్ని కూడా కబేళాకు తీసుకెళ్ళాను.
మూలన కూర్చోమన్నాను. కూర్చోలేదు.
తోలు మీద అరచెయ్యి వేసి,
"ఇక్కడ.
ఇక్కడొకటి.
ఇది వద్దు, లోపల ఎవరూ లేరు."
నేను గుర్తుపెట్టినవి తొమ్మిది.
ఆయన చూపించినవి ముప్పై ఒకటి.
ఇప్పుడాయనకు మా జీతాల పట్టీలో పేరుంది.
ఉద్యోగం పేరు ఏం రాయాలో తెలీక
గుమస్తా ఆ గడి ఖాళీగా వదిలేశాడు.

"అస్మావూ, దీనికి ఏం చేతకాదు?"
అని అడిగాడొకసారి, చేతులు కడుక్కుంటూ.
ఏం చేస్తుందని కాదు, ఏం చేతకాదని.
"ఈత రాని దొంగని
ఏటి దగ్గరే కదా పట్టుకునేది!"

చెప్పాను.
నెత్తుటికి ఎరుపునిచ్చే చిన్న ఉంగరం ఒకటుంది,
నడుమ ఇనప రవ్వ.
అది లేకపోతే దానికి బతుకు లేదు,
చేసుకోవడం మాత్రం రాదు.
దాని కడుపులో అద్దెకున్న సూక్ష్మజీవి
వండిపెడుతోందని మా అనుమానం.
ఆ వంటింట్లో ఒక ఎంజైము, కంసాలి లాంటిది,
ఉంగరంలో ఇనుము పొదుగుతుంది.
దాని చేతులు కట్టేస్తే
అద్దెకున్నవాడు పొయ్యి వెలిగించడు,
ఇంటావిడకు పస్తు.

ఆయన చాలాసేపు తుడుచుకున్నాడు చేతులు.
"ఆ కంసాలి మనలో లేడా?"

ఉన్నాడు.

రెండువందల పన్నెండు మందులు.
బతికున్న పురుగు రంగునీళ్ళలో నేరేడు పండవుతుంది,
చచ్చింది గంజిలా తెల్లబోతుంది.
పద్నాలుగో పళ్ళెంలో, ఆరో గుంటలో
తెలుపు.
జనరేటర్ గది దాకా పరిగెత్తాను
ఎవరికైనా చెప్పాలని.
అక్కడ డీజిల్ వాసన తప్ప ఎవరూ లేరు.

మర్నాడు అదే చుక్క
మనిషి కాలేయ కణాల మీద వేశాను.
అవీ గంజే.
పుస్తకంలో రాసుకున్నాను:
అందరినీ చంపేదాన్ని మందనరు.
తారీఖు వెయ్యడం మర్చిపోయాను.

ఇప్పుడు వెతుకుతున్నది పోలిక కాదు, తేడా.
ఇద్దరు కంసాలులు, ఒకటే విద్య,
పట్టకారు పట్టుకునే తీరులో
ఎక్కడో ఒక వేలు వంపు వేరు.
ఆ వంపులో మాత్రమే ఇరుక్కునే ముల్లు కావాలి నాకు.
తెరమీద ఆ అణువును తిప్పితిప్పి చూస్తాను,
కళ్ళు మండేదాకా.
దొరికిందనుకున్న రాత్రులు రెండున్నాయి.
రెండూ పొద్దున్నకి లేవు.

ఎనిమిది కావస్తోంది.
హమజోడా గడ్డి అంటించాడు.
ఆఖరి తోలు అంచున మోకాళ్ళ మీద వంగి
చిన్నాన్న వేళ్ళు ఒకచోట నిలిచాయి.
తల తిప్పకుండానే అన్నాడు,
"ఆగమను. ఇంకొకటుంది."