కుదుపు ఎక్కడికి పోతుంది

హాలిఫాక్స్‌లో మా కొట్టు వాలు అడుగున ఉంది.
పైనుంచి జారినవన్నీ మా గుమ్మం ముందే ఆగుతాయి:
వాన, రాలిన ఆకులు, బ్రేకు తెగిన సైకిళ్ళు.
నవంబరులో ఒక మంగళవారం
హిల్డా అక్రాయిడ్ దిగి వచ్చింది,
ఎనభై నాలుగేళ్ళ మనిషి,
మొండికేసిన మేకను చెవి పట్టి తెచ్చినట్టు
సైకిల్ని నడిపించుకుంటూ.

పళ్ళసెట్టు కోటు జేబులో ఉంది.
"రాళ్ళ వీధిలో నోట్లో ఉంచుకుంటే
ఒకదాన్నొకటి కొరుక్కుంటున్నాయి" అంది బోసినోటితో.
"ఒకప్పుడు ఇలా ఉండేది కాదు."

నాకు నవ్వొచ్చింది, పళ్ళకు కాదు.
ఆ చక్రాలు! చెత్తడబ్బా మూతంత.
వాటి మీద కొంగ మెడలా సీటు.
సర్కసు ఎలుగుబంటి దిగి వెళ్ళిపోతే
ఎవరో రోడ్డున వదిలేసినట్టుంది.

మా మేస్త్రి గ్రెయిమ్ థ్వైట్ నవ్వలేదు.
స్పానరుతో చట్రాన్ని మెల్లగా తట్టాడు.
"చిన్న చక్రానికి బరువు తక్కువ,
కాలు మోపగానే కదులుతుంది, పిలిస్తే పలికే మనిషిలా.
పుల్లలు పొట్టివి, ఓ పట్టాన వంగవు.
మూట నేలకు దగ్గరగా కూర్చుంటుంది, తూలదు.
కానీ దీనికి ప్రతి గుంటా నుయ్యే.
పెద్ద చక్రం దాటేసి మరిచిపోయేదాన్ని
ఇది దిగి, అడుగు చూసి, పైకెక్కి రావాలి.
అందుకే మెడలో ఓ రబ్బరు ముక్క పెట్టారు."

విప్పాను.
అరవై ఏళ్ళ రబ్బరు,
గోరు గుచ్చితే దిగలేదు,
వేలికి నల్లగా పొడి అంటింది.

హిల్డా స్టూలు మీద టీ ఊదుకుంటోంది.
అరవై అయిదులో ఆమె మంత్రసాని.
ముందు అరలో గ్యాసు పెట్టె,
నొప్పులు ఓర్చుకోడానికి తల్లులు పీల్చేది.
"ఈ అర హ్యాండిలుది కాదు, చట్రానిది. చూడు,
నేను తిరిగినా ఇది తిరగదు.
సందుల్లో మనం ఎన్ని వంకర్లు పోయినా
సామాను తిన్నగా చూడాలి కదా."
కాసేపు కప్పులోకి చూసింది.
"పాత పెద్ద సైకిలు మీద వెళ్తే
గుమ్మం చేరేసరికి చేతులు వణికేవి.
బిడ్డ తల పట్టాల్సిన చేతులు.
దీని మీద వెళ్తే వణకలేదు.
అంతే. నాకు ఇంకేం తెలీదు దీని గురించి."

"మరి ఆ కుదుపంతా ఎక్కడికి పోతుంది?" అన్నాను.
"ఎక్కడికీ పోదు" అన్నాడు గ్రెయిమ్.
"రబ్బరు దాన్ని నమిలి నమిలి
కాస్త వేడి చేసి ఊరుకుంటుంది."
"మా ఆర్నాల్డ్ అలా కాదు" అంది హిల్డా.
"తగిలింది తగిలినట్టే
పక్కవాళ్ళకి అందించేవాడు."

కొత్త రబ్బరు రావడానికి తొమ్మిది రోజులు పట్టింది.
బిగించాను, అరచేత్తో నొక్కాను,
అది దిగింది, ఆలోచించి పైకి లేచింది.

పై చివరిదాకా తోసుకెళ్ళింది ఆమె, మమ్మల్ని రావద్దంది.
మేం కింద నిలబడ్డాం, గ్రెయిమ్ ఊపిరి బిగబట్టి,
నేను కళ్ళు సగం మూసి.
ముందు గంట వినిపించింది.
తర్వాత ఎర్ర టోపీ.
తడి రాళ్ళ మీద చక్రాలు వడివడిగా
చేపపిల్లల్లా ఎగురుతున్నాయి కింద,
పైన మాత్రం హిల్డా, గదిలో కూర్చున్నట్టు.
మా ముందు ఆగి నవ్వింది.
పళ్ళన్నీ నోట్లోనే ఉన్నాయి.

డబ్బు లెక్కపెట్టడానికి లోపలికెళ్ళింది.
ఎవరూ చూడకుండా వంగి
చిన్న ఫోర్కు పైన మెడ దగ్గర చెయ్యి పెట్టాను.
వెచ్చగా ఉందనిపించింది.
ఏమో,
నా చెయ్యే కావచ్చు.