నూనెగుడ్డ మీద నది

ఆంతెల్మ్ వైన్‌లో వేలు ముంచి
బల్ల మీది నూనెగుడ్డపై దూ నదిని గీస్తాడు.
"ఇదిగో మూత్. మా ఆవిడ పుట్టిన ఊరు.
మే నెలలో కూడా అక్కడ మాట గొంతులోనే గడ్డకడుతుంది.
కొండ కింది గుహలోంచి బయటపడి
ఈశాన్యం పట్టుకుని పోతుంది,
స్విట్జర్లాండ్ గడప దాటి లోపలికి కూడా పోయి
సెంతుర్సాన్ దగ్గర
పొయ్యి మీద పాలు గుర్తొచ్చినదానిలా
గిరుక్కున వెనక్కి తిరుగుతుంది."

వేలు ఆరింది. మళ్ళీ ముంచాడు.
బెజాన్సోన్ నడుముకి ఒక చుట్టు.
"తిన్నగా వస్తే తొంభై కిలోమీటర్లు.
నాలుగొందల యాభై తిరిగింది, తిక్కది!"

వంటగదిలో పైక్ చేప పొలుసు గీరుతూ
లియోంతిన్:
"తిక్క కాదు. కొండ అడ్డొచ్చింది.
నీకెప్పుడైనా అడ్డొచ్చిందా, కొండ?"

తర్వాత నావైపు తిరిగి చెప్పింది,
వాళ్ళ ముత్తవ్వ చెప్పిన మాట:
పొంతార్లియేలో అబ్సింత్ ఫ్యాక్టరీ తగలబడ్డప్పుడు
పీపాల కొద్దీ సారా దూలోకి వదిలేశారు.
రెండు రోజులకి, కొండ అవతల,
లూ నది ఊట సోంపు వాసన కొట్టింది.
అంతవరకూ రుజువు లేదు
దూ నేల కిందుగా
ఒక చెల్లెలికి నీళ్ళు పంపుతోందని.

కిటికీ బయట వెర్డన్ రేవు.
దూ వచ్చి సోన్‌లో పడుతోంది.
"కొలిచినవాళ్ళే చెప్పారు,
ఎక్కువ నీళ్ళు తెచ్చేది దూ.
పేరు మాత్రం అవతలిదానిది."
కత్తి కడిగి బోర్లించింది.

పెళ్ళికి ముందు ఆమె ఇంటిపేరేమిటని
ఆంతెల్మ్‌ని అడిగాను.
నోరు తెరిచాడు, గుర్తు రాలేదు.
వేలు గ్లాసులోనే ఉండిపోయింది.
నూనెగుడ్డ మీద
సెంతుర్సాన్ మలుపు అప్పటికే ఆరిపోయింది.