చివరి పేజీ

ఎమ్మిగనూరులో పొద్దుగూకితే
మా వీధి మగ్గాలు ఒక్కొక్కటే ఆగుతాయి.
అప్పుడు మొదలుపెడుతుంది మా పాప.
ఇరవై మూడు రోజుల పిల్ల.
పిడికిళ్ళు బిగించి, మోకాళ్ళు కడుపులోకి ముడిచి,
మొహం కందగడ్డ చేసుకొని
మేమేదో అప్పు ఎగ్గొట్టినట్టు ఏడుస్తుంది.

చేతులు ఊరికే ఉండలేక
నూలు లెక్క రాసుకునే పుస్తకంలో
చివరి పేజీ తిప్పాను.
అర్ధగంట ఏడుపుకి ఒక గీత.

మొదటి రాత్రి ఎనిమిది.
మా అమ్మ ఉరుకుందమ్మ ఇంగువ అరగదీసి
బొడ్డు చుట్టూ పూసింది.
"వాయువురా, పట్టుకునింది" అంది.
ఆ రాత్రి ఆరు.
అమ్మ రెండు ముద్దలు ఎక్కువ తినింది.
మర్నాడు అదే ఇంగువ, అదే బొడ్డు, అదే వేలు.
తొమ్మిది.

"ఎవురో సూసిపోయినారు" అని
ఉప్పూ మిరపకాయలూ తిప్పి నిప్పుల్లో వేసింది.
దిష్టి ఉంటే ఘాటు రాదంటారు.
ఘాటు వచ్చింది. అందరం దగ్గాం.
పాప దగ్గుతూ ఏడ్చింది.
దాన్ని ఎన్ని గీతలని రాయాలి?

ఆముదం రాసి వెచ్చజేసిన తమలపాకు: ఏడు.
మందుల షాపు గ్రైప్ వాటర్: ఏడు.
ఎదురింటి దస్తగిరమ్మ దర్గా నుంచి తెచ్చిన తాయెత్తు:
ఐదు, ఎనిమిది, ఐదు.
పాండురంగ మాస్టారి హోమియో గుండ్లు
పాపకు కాదు, సులోచన వేసుకోవాలట,
పాలలోంచి పోతుందట.
మాస్టారు డబ్బు తీసుకోలేదు,
అందుకే నమ్మబుద్ధయింది.
ఆరు.

కోసిగి వైపు నుంచి వచ్చింది ఒక ముసలామె.
పసుపు కొమ్ము పొయ్యిలో పెట్టి
"నాలుగు సుక్కలే, కడుపు మింద" అంది.
నెల రోజులుగా ఎవరేం చెప్పినా తలూపిన సులోచన
ఏమీ అనలేదు.
చెంబెడు నీళ్ళు తెచ్చి పొయ్యి మీద పోసింది.
చుయ్యిమన్న ఆ చప్పుడుకి
పాప ఒక్క గుక్క ఆగింది.
నేను అది కూడా రాసుకున్నాను.

ఆదోని డాక్టరమ్మ బరువు తూచింది,
పొట్ట నొక్కి చూసింది, నోట్లోకి లైటు వేసింది.
"పాలు తాగుతోంది, పెరుగుతోంది. జబ్బు లేదు.
కొందరు పిల్లలు ఇంతే. మూడో నెల దాటనీండి.
జ్వరమొస్తే, పాలు మానేస్తే మాత్రం పరిగెత్తుకొని రాండి."
మూడు వందలిచ్చి
మందు రాయని చీటీతో బస్సెక్కాం.
మాధవరం దాటేదాకా అమ్మ తిడుతూనే ఉంది,
ఒక్క చుక్కల మందైనా రాయని చదువేం చదువని.

ఒక రాత్రి నేనూ వైద్యుణ్ణయ్యాను.
చీర తెల్లారికి ఇవ్వాలి, గుంటలో కూర్చున్నా.
నాడె అటు పోయి ఇటొచ్చేసరికి పాప గప్‌చుప్.
ఆ రాత్రి పేజీలో గీత లేదు.
షావుకారుకి కూడా చెప్పుకున్నాను.
రెండో రాత్రి
మగ్గం మోగుతూనే ఉంది,
పాప మగ్గాన్ని మించింది.

పన్నెండో వారం
నాలుగు, నాలుగు, రెండు, ఒకటి.
తర్వాత ఖాళీ కాగితం.

ఇంగువ అని అమ్మ. తాయెత్తు అని దస్తగిరమ్మ.
"మా మందు నిదానం, వేరు నుంచి తీస్తుంది" అని మాస్టారు.
పేజీ తెచ్చి ముందు పెడదామనుకున్నాను.
ఇంగువ రోజూ, లేని రోజూ
ఒకేలా దిగుతూ వచ్చాయి గీతలు,
కాలవలో నీళ్ళు తగ్గినట్టు.

కానీ ఆ తొమ్మిది గీతల రాత్రి
దస్తగిరమ్మ తన నిద్ర మానుకొని
పాపను భుజాన వేసుకొని
వీధి ఆ కొస నుంచి ఈ కొసకు నడిచింది.
సులోచన గోడకానుకొని
కూర్చున్నచోటే నిద్రపోయింది.
అది నేను ఎక్కడా రాయలేదు.
పుస్తకం మూసి అటక మీద పెట్టాను.

మొన్న కోడుమూరు నుంచి చెల్లెలి ఫోను.
వెనక ఓ కొత్త గొంతు, గుక్కపట్టి.
"ఏం జేయాలన్నా? మూడు దినాలైంది నిద్దర్లేక."
గీతలన్నీ కళ్ళ ముందు ఆడాయి.
ఏమీ అక్కర్లేదు, ఆగితే చాలు అని చెప్పాలి.
నాలుక దాకా వచ్చింది.

"ఇంట్లో ఇంగువ ఉందా?" అన్నాను.