సావ్కా కట్టిన నది

ఆ చలికాలం సరాతోవ్ వర్క్‌షాపులో
బొమ్మలు గీయడం మానేశారు.
"ఆపిల్ పండు వద్దు, ఆపిల్ పెట్టె చెయ్యండి"
అన్నాడు యెవ్లాంపీ, ఒకప్పటి తాళాల మేస్త్రీ.
పెట్టెలు చేశారు.
జనవరి ముదిరాక వాటినే పొయ్యిలో పెట్టారు.

గ్లఫీరా మాత్రం ఒకటి దాచుకుంది:
తెగిన పియానో తీగ, మూడు రేకు ముక్కలు,
దూలానికి వేలాడుతూ
ఎటూ మొగ్గక, ఎవరినీ పోలక.

"ఏంటక్కా ఇది?" అన్నాడు సావ్కా.
తొమ్మిదేళ్ళుంటాయి, ఉండకపోనూవచ్చు.
రైలు పెట్టెల కింద పెరిగినవాడు.
ఇప్పుడు పగలంతా చిత్రిక పొట్టు ఊడ్చి
రాత్రి ఆ పొట్టులోనే పడుకుంటాడు.
"నువ్వే చెప్పు."
చుట్టూ తిరిగాడు. ఊదాడు. వెల్లకిలా పడుకుని చూశాడు.
"ఇది పడిపోకపోవడం" అన్నాడు.

మూడు వారాలు ఉపన్యాసమిచ్చినా
యెవ్లాంపీ నోటికి ఆ మాట రాలేదు.

ఇక నది సంగతి.
వోల్గా గడ్డకట్టింది కదా,
కట్టిందెవరని అడిగి, జవాబూ తనే చెప్పాడు:
స్టేషన్ మాస్టరు. ఎర్రజెండా చూపించి ఆపేశాడు.
మనుషులు అవతలికి దాటాలి గదా.
అందరూ దాటాక పచ్చజెండా.

గ్లఫీరా నాలుక చివర జవాబుంది.
బడిలో బెత్తంతో తన అరచేతి మీద అచ్చేసిన జవాబు:
పైన మంచు, కింద నీరు, నీరు ఆగదు.
మింగేసింది.
తెలిసినదాన్ని మింగడం ఎంత కష్టమో
తెలిసినవాళ్ళకే తెలుసు.

మర్నాడు వాడి చేతికి ఒక బర్మా ఇచ్చింది,
ఒక దారపుండ,
తన మూడు రేకుల్లో ఒకటి.

పొద్దున్నుంచి తొలిచాడు. మోచేతులు పట్టేశాయి.
దారం చివర రేకు నల్లటి బొక్కలోకి దిగింది,
దిగి, కుదురుగా ఉండక,
పక్కకి పోయింది.
దారం వేలిని కోసేలా బిగిసింది.
"లాగుతోంది! అక్కా, ఎవరో లాగుతున్నారు!"
తెగింది.

ఆ రాత్రి వాడు ఊడవలేదు. మర్నాడూ ఊడవలేదు.
క్యాబేజీ సూపు మీద మీగడలా చలి పేరుకుంది.
లోపలెక్కడో ఒక ఇల్లు కూలుతుంటే
బయట ఊడ్చేదెవరు?

మూడో రోజు వచ్చి చెప్పాడు:
"నది ఆగలేదు. స్టేషన్ మాస్టరు పైకప్పు వేయించాడు.
కింద రాత్రిబండి నడుస్తోంది."

"తప్పు" అని నవ్వాడు యెవ్లాంపీ.
"తప్పే" అంది గ్లఫీరా.
"కానీ పాత గోడలో పనికొచ్చే ఇటుక
ఒక్కటైనా పారేశాడా చూడు.
నువ్వు పైనుంచి దించుతావే పునాది,
అది ఏ నేల మీద నిలుస్తుందో చెప్పు ముందు."

ఆయన చెప్పలేదు. తాళాల మేస్త్రీ కదా,
చెవి బయటినుంచే దూరినా
తిరగాల్సిన పళ్ళు లోపలున్నాయని ఆయనకి తెలుసు.

దూలం కింద ఒక రేకు లేని తీగ
ఒక పక్కకి ఒరిగి ఉంది.
ఎవరూ చూడనప్పుడు సావ్కా బల్లెక్కి
జేబులోంచి ఒక రైలు బోల్టు తీసి
ఇక్కడ కాదు, ఇక్కడా కాదు,
ఇదిగో, ఇక్కడ తగిలించాడు.
మళ్ళీ నిలిచింది, మునుపటిలా కాదు.
గ్లఫీరా దాన్ని సరిచేయలేదు.

ఏప్రిల్‌లో ఒక తెల్లవారుజామున
ఫిరంగి పేలినట్టు మంచు పగిలింది.
ఊరంతా గట్టుకి పరిగెత్తింది.
పెళ్ళలు ఒకదాని మీదొకటి ఎక్కి,
విరిగి, గిరగిరా తిరిగి, దిగువకి పోతుంటే
జనం టోపీలు ఎగరేశారు.

సావ్కా ఒక్కడే ఆమె కోటు అంచు పట్టుకుని,
"కప్పు కూలింది. బండిలో ఎవరూ లేరు కదక్కా?"

ఈసారి మింగక్కర్లేదు, చెప్పేయొచ్చు.
కానీ గ్లఫీరా వంగి
ఆ బూడిదరంగు నీళ్ళలో
ఒక్క క్షణం
కిటికీ దీపాల కోసం వెతికింది.