వాక్యంలో కర్త

గురువారం సాయంత్రం ఆరింటికి
స్కూలు జిమ్ వెనకాల గదిలో ఏడుగురం మగపిల్లలం కూర్చుంటాం.
చాపల వాసన, తడి బూట్ల వాసన.
వాల్దీవియాలో వానకి వేళాపాళా లేదు
రేకుల మీద ఎవరో బఠాణీలు ఒంపుతూనే ఉంటారు.

ఓవీడియా గారు ఒకప్పుడు నదిలో పడవ నడిపేవారట.
గొంతు పెంచరు.
వినపడకపోతే మనమే కుర్చీ జరుపుకోవాలి.
మొదటి వారం అడిగారు:
ఎలీసెయో, ఏం జరిగింది? ఒక్క వాక్యంలో.

కోపం వచ్చింది, అన్నాను.
ఎక్కడి నుంచి? ఒసోర్నో బస్సులోనా?
ఎవడో నవ్వాడు.
చేయి జారింది, అన్నాను.
జారింది కింద పడాలి కదా నాయనా,
ఆ పిల్ల మణికట్టు మీదే ఎందుకు పడింది?

ఆవిడంటే అసహ్యం పుట్టింది నాకు.
పుట్టింది. చూశారా, మళ్లీ అదే.
నా ప్రమేయం లేకుండానే నా ఇంట్లో
అన్నీ వస్తాయి, పుడతాయి, జారతాయి, పగులుతాయి.

మొదట్లో మిల్లరాయ్‌కి నచ్చేది
ఎక్కడున్నావని నేను గంటకి పదిసార్లు అడగడం.
వాళ్లక్కకి చూపించి మురిసిపోయేది.
తర్వాత చూపించడం మానేసింది.
నీలం టిక్కులు పడ్డాక నాలుగు నిమిషాలు
జవాబు లేకపోతే అవి నాకు నాలుగు అబద్ధాలు.
పాస్‌వర్డ్ అడిగాను, ఇచ్చింది.
వాలీబాల్ మానమన్నాను,
మోకాలు నొప్పని కోచ్‌కి చెప్పుకుంది.
ఎర్ర జాకెట్ వద్దన్నాను.
ఏదీ అరిచి అడగలేదు.
అరవలేదన్నదే అప్పట్లో నా గొప్ప.

ఆ రోజు చేపల బజారు దగ్గర
సముద్ర సింహాలు తలకాయల కోసం కొట్టుకుంటున్నాయి.
ఇరవయ్యో నంబరు బస్సు ఆగింది. ఆమె ఎక్కబోయింది.
డ్రైవరు తలుపు తెరిచే ఉంచి మమ్మల్ని చూశాడు,
చూసి, మూసుకుని వెళ్లిపోయాడు.
చేపలు కోసే ఆవిడ మాత్రం కత్తి ఎత్తి
అలాగే పట్టుకుని నిలబడింది, నేను వదిలేదాకా.
మర్నాడు ఎండ కాసింది.
మా ఊళ్లో ఎండ కాసిన రోజు చేతులు దాచుకునేవాళ్లుండరు.
మిల్లరాయ్ స్వెట్టర్ని వేళ్ల కొసల దాకా లాక్కుని వచ్చింది.

ఆరో గురువారానికి నోరు పెగిలింది.
కాదు. నోరు తెరిచాను.
నేను పట్టుకున్నాను.
వదలమంది.
విన్నాను.
విని కూడా పట్టుకునే ఉన్నాను.
ఓవీడియా గారు శభాష్ అనలేదు.
మంచినీళ్ల సీసా నా వైపు జరిపారు, అంతే.

క్షమాపణ రాశాను, మూడు పేజీలు.
ఎంత ఏడ్చానో, ఎన్ని రాత్రులు నిద్ర లేదో.
ఆవిడ కళ్లజోడు తీసి అడిగారు
ఇందులో ఆ పిల్ల ఎక్కడుంది?
ఇది పంపితే ఆమె జవాబివ్వాలి,
నువ్వు మళ్లీ టిక్కులు చూస్తూ కూర్చుంటావు.
కాగితాలు మా పొయ్యిలో వేశాను.
తడిసిన కట్టెలు, ఓ పట్టాన అంటుకోలేదు.

నిన్న కాయే-కాయే వంతెన మీద ఎదురొచ్చింది.
ఎర్ర జాకెట్. భుజాన బంతి సంచి.
పక్కనున్న అమ్మాయితో ఏదో చెప్పి నవ్వుతోంది,
నన్ను చూసి నవ్వు ఆపింది.
ఆపింది కాదు. నేను ఆపాను,
పదిహేను అడుగుల దూరం నుంచి, ఏమీ చేయకుండానే.
రోడ్డు దాటి అవతలి పక్కకి వెళ్లాను.
మంచివాణ్ణయిపోయానని కాదు.
ఆ నవ్వుకి ఆ పక్కంతా కావాలి.

వెనక్కి తిరిగి చూడాలనిపించింది.
అనిపించడం కాదు, చూడాలనుకున్నాను.
చూడలేదు.

వంతెన ఆ చివరికి మూడువందల పన్నెండు అడుగులు.
లెక్కపెట్టడం మాత్రం ఇంకా మానలేదు నేను.