తొమ్మిదో ప్రశ్న

ఆరొందల గంటలు కావాలి నాకు.
ముప్పై ఏడు అయ్యాయి.
నీలం అట్ట రికార్డు బుక్కులో
తేదీ, ఊరు, వచ్చినవాళ్ళు, గడిపిన సమయం,
చివరి గడిలో ప్రసన్నలత మేడం సంతకం.

గురువారం గురువారం
నెల్లూరు బస్టాండులో ఆరుంబావు బస్సు.
పొదలకూరు దాకా నిమ్మతోటలు,
ఆ తర్వాతెక్కడో
రోడ్డు పక్క దుమ్ము కూడా మెరవడం మొదలుపెడుతుంది.
సైదాపురం.

ఆసుపత్రిలో నాకిచ్చింది టీకాల గది.
మధ్యాహ్నం దాకా పిల్లల ఏడుపు,
ఆ తర్వాత నేను, రెండు కుర్చీలు,
మందుల ఫ్రిజ్జు గురగుర.
కుర్చీలు ఎదురెదురుగా వేయకూడదు, కాస్త ఏటవాలుగా.
ఇది మొదటి సెమిస్టరు.
సలహా ఇవ్వకూడదు. ఇది రెండోది.
మౌనం వస్తే దాన్ని నింపకూడదు.
ఇది ఏ సెమిస్టరులో అబ్బుతుందో
ఎవరూ చెప్పలేదు.

మస్తానమ్మ వచ్చింది నరాల బలహీనతకి.
ఇక్కడ అందరూ దానికే వస్తారు.
నా కాగితంలో ఉన్న మాటకి
వాళ్ళ నోట్లో చోటు లేదు.
"గత రెండు వారాల్లో దిగులుగా ఉన్నారా?"
"ఏ దిగులు పాపా?
వానకి ముందొచ్చేదా, కూలి లేనప్పుడొచ్చేదా,
ఊరికే వచ్చి కూచునేదా?"
సున్నా నుంచి మూడు దాకా నాలుగే గడులు.
పెన్ను గాల్లో ఉండిపోయింది.

నిద్ర గురించి అడిగితే గని గురించి చెప్పింది.
ఆకలి గురించి అడిగినా గనే.
పదేళ్ళప్పుడు కత్తి పట్టిందంట,
రేకుల షెడ్డులో వరసగా ఆడోళ్ళు,
అభ్రకం దిమ్మని పొరలు పొరలుగా విడదీయడం.
"తొందరపడితే చినిగిపోద్ది.
అంచు యాడుందో యేలికి తెలవాల.
తెలిసిందాకా ఊరికే పట్టుకోనుండాల."
నా నోట్సులో ఇది లేదు.

తొమ్మిదో ప్రశ్న ముందు ఆగాను.
హాస్టలు అద్దం ముందు ఇరవైసార్లు అడిగిన ప్రశ్న.
రూమ్మేటు హేమలతని రెండుసార్లు;
రెండోసారి అది నవ్వలేదు.
తిప్పి తిప్పి అడగొద్దు, మెత్తటి గుడ్డలో చుట్టొద్దు,
అడిగినందుకు ఆ ఆలోచన కొత్తగా పుట్టదు,
ఉంటే బయటికొస్తుంది అంటుంది మేడం.

అడిగాను.
చచ్చిపోవాలని అనిపించిందా అమ్మా?

ఫ్రిజ్జు గురగుర ఆగింది. కరెంటు పోయింది.
ఫ్యాను రెక్క తిరిగి తిరిగి నిలబడింది.
"మీ మేడం అడగమనిందా?"
"అడగమనింది. నేను కూడా అడుగుతుండా."
ఎప్పుడో కావలిలో వదిలేశాననుకున్న యాస
దానంతటదే నోట్లోకి వచ్చింది.

"పోయిన అమాసకి," అంది.
"మేక ఈనే దినాలు. దానికెవురుండారని లేచొచ్చినా."
ఎక్కణ్ణించి లేచొచ్చిందో అడగాలి.
అడిగాను. చెప్పింది.
అది ఇక్కడ రాయను.

తర్వాత చేయాల్సినవన్నీ చేశాను.
డాక్టరు గది దాకా తోడెళ్ళడం,
చెల్లెలి కొడుకు నంబరు, ఆశా వర్కరు జయంతి నంబరు,
ఈ రాత్రి ఎవరింట్లో పడుకుంటుందో,
కాగితం మీద ఆమె వేలిముద్ర, నా సంతకం.
చేయి వణికింది. నాదే.

తిరుగు బస్సులో మాటకి మాట రాసుకున్నదంతా
సోమవారం ఎర్ర ఇంకుతో తిరిగొచ్చింది.
ఇక్కడ నువ్వెందుకు మాట్లాడావు?
నాలుగు చోట్ల అదే.
ఒక్క వాక్యం కింద మాత్రం గీత గీసి
ఏమీ రాయకుండా వదిలేసింది మేడం.

మరుసటి గురువారం మస్తానమ్మ రాలేదు.
కుర్చీలు ఏటవాలుగా. మూడయింది. నాలుగు దాటింది.
జయంతికి ఫోను చేస్తే
"ఉండాది మేడం, మేక ఈనింది, రెండు పిల్లలు,
ఒకటి పొదుగు పట్టటం లేదంట,
సీసాతో తాపతా కూచోనుండాది,
పై వారం వస్తానని చెప్పమనింది."

ఎదురుచూసిన రెండు గంటలు లెక్కలోకి రావు.
రూలు అది.
బుక్కు మూయబోతే
పేజీల మధ్య ఏదో తళుక్కుమంది.
ఆమె చేతిలోంచి రాలిందో, దారి దుమ్మో.
ఊదబోయి
ఆగాను.